ముసురులో సాగిన గుర్రపు నాడాల పోటీ: ఒక ఒహాయో క్లబ్బు నిర్వహణపై సమీక్ష

ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణపు పార్కులో స్థానిక క్లబ్బు ఏటా నిర్వహించే గుర్రపు నాడాల పోటీలో ఈసారి నేను ఆటగాడిగా పాల్గొన్నాను. ఉదయం పేర్ల నమోదు మొదలైనప్పటి నుంచి సాయంత్రం బహుమతులు పంచే వరకు ముసురు దాదాపుగా విడవలేదు. వాన కురవడం నిర్వాహకుల తప్పు కాదు కనుక దానిని వారి ఖాతాలో వేయడం లేదు. వాన వస్తుందని వారం ముందే తెలిసిన క్లబ్బు అందుకు ఎలా సిద్ధపడింది, ఉన్న సౌకర్యాన్ని వచ్చినవారందరికీ సమంగా పంచిందా అన్న రెండు ప్రశ్నల మీదనే ఈ సమీక్ష నడుస్తుంది. మొదటి ప్రశ్నకు నా దగ్గర మెప్పు తప్ప మరేమీ లేదు. రెండవ దాని విషయంలో మాత్రం గట్టి అభ్యంతరం ఉంది.

ఆట తెలియని పాఠకుల కోసం ముందుగా కొంత చెప్పాలి. మన ఊళ్లలో దిష్టి తగలకుండా గుమ్మానికి కొట్టే పాత నాడా కన్నా ఈ ఆటలో వాడే నాడా పెద్దది, బరువైనది. ఏ గుర్రం కాలికీ ఎన్నడూ తొడగనిది, ఆట కోసమే తయారైనది. దాని బరువు 2 పౌండ్ల 10 ఔన్సులకు, అంటే సుమారు 1.19 కిలోలకు మించరాదని, రెండు కొనల మధ్య ఖాళీ మూడున్నర అంగుళాలు దాటరాదని నిబంధన. ఎదురెదురుగా 40 అడుగుల దూరంలో రెండు గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంట మధ్యలో అంగుళం మందమున్న ఇనుప కడ్డీ, నేలకు 14 నుంచి 15 అంగుళాల ఎత్తున, ఎదుటి కడ్డీ వైపు కొద్దిగా వంగి నిలిచి ఉంటుంది. నాడా ఆ కడ్డీని చుట్టుకుని పడితే రింగర్ అంటారు. దానికి 3 పాయింట్లు. కడ్డీకి 6 అంగుళాల లోపు ఆగిన నాడాకు 1 పాయింటు వస్తుంది. పెరటి ఆటల్లో కడ్డీకి ఆనుకుని నిలబడిన నాడాకు 2 పాయింట్లు ఇచ్చే అలవాటు ఉంది కానీ, అధికారిక పోటీల్లో దానికీ ఒక్క పాయింటే. పురుషులు 37 అడుగుల గీత దగ్గర నుంచి విసరాలి. మహిళలు, పిల్లలు, 70 ఏళ్లు నిండిన పురుషులు 27 అడుగుల గీత వరకు ముందుకు రావచ్చు.

చూడటానికి తీరిక పూట కాలక్షేపంలా కనిపించే ఈ ఆటకు అమెరికాలో చాలాకాలంగా క్రమమైన వ్యవస్థ ఉంది. ప్రపంచ పోటీ అన్న పేరుతో 1909లోనే కాన్సాస్ రాష్ట్రంలోని బ్రాన్సన్‌లో ఒక పోటీ జరిగింది. అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ 1989లో వైట్‌హౌస్ ఆవరణలోనే నాడాల గుంటలు వేయించుకున్నాడు. నేషనల్ హార్స్‌షూ పిచ్చర్స్ అసోసియేషన్ అనే జాతీయ సంఘం నిబంధనలు రూపొందించి, గుర్తింపు పొందిన పోటీల ఫలితాలను నమోదు చేస్తుంది. ఆ నమోదులో అన్నిటికన్నా విలువైన అంకె రింగర్ శాతం, అంటే విసిరిన ప్రతి వందలో ఎన్ని కడ్డీని చుట్టుకున్నాయన్న లెక్క. ఇదే ఒహాయోలోని డిఫయన్స్ పట్టణంలో నివసించే ఆలన్ ఫ్రాన్సిస్, ఇరవైకి పైగా ప్రపంచ టైటిళ్లు గెలిచిన మేటి ఆటగాడు, వందకు తొంభై దరిదాపుల్లో రింగర్లు వేయగలడు. నా వంటివారికి వందకు పాతిక పడితే పండగ. ఎవరు ఏ తరగతిలో ఆడాలన్నది కూడా ఈ శాతమే నిర్ణయిస్తుంది. ఒక పోటీలో పడిన శాతం ఆటగాడి సగటులో కలిసిపోయి తరువాతి పోటీలకు వెంట వస్తుంది కనుక, ఒక వానరోజు ఫలితం ఆ వానతోనే పోదు. నా అభ్యంతరానికి మూలం ఇక్కడే ఉంది; ముందు మెప్పు సంగతి చూద్దాం.

నాడాల ఆటలో గుంటలోని మన్నే ప్రాణం. ఇసుక నింపిన గుంటలో పడిన నాడా జారుతుంది, లేదా ఎగిరి పక్కకు పోతుంది. మంచి క్లబ్బులు అందుకే బంకమన్ను వాడతాయి. సరైన తడి ఉన్న బంకమన్ను పడిన నాడాను పడినచోటే పట్టి ఉంచుతుంది. ఆటగాడు గురిచూసిన చోటికీ నాడా ఆగిన చోటికీ తేడా లేకుండా చేస్తుంది. మన్ను ఎండితే గట్టిపడి నాడా ఎగురుతుంది కనుక మామూలు ఎండరోజున క్లబ్బు సభ్యులు పోటీకి ముందురోజు నుంచే నీళ్లు పోసి, పారతో తిరగేసి, దానిని ముద్దలా చేస్తారు. వానరోజున చిక్కు తిరగబడుతుంది. పైపొర జావలా మారుతుంది, నాడా పడినప్పుడల్లా కడ్డీ మొదట్లో ఏర్పడే గొయ్యిలో నీరు నిలుస్తుంది, తరువాతి నాడా ఆ నీటిలో పడి జర్రున జారి కడ్డీని దాటిపోతుంది. ఎగిరిన బురద ఎదుటి ఆటగాడి మోకాళ్ల వరకు చిందుతుంది.

దీనికి ఈ క్లబ్బు చేసిన ఏర్పాట్లు నేను చూసిన వాటిలో అత్యుత్తమమైనవి. ముందురోజు రాత్రి నుంచే అన్ని గుంటల మీద చెక్క మూతలు పెట్టి, వాటిపై టార్పాలిన్లు కప్పి, అంచులకు ఇటుకలు పెట్టారు. ఉదయం మూతలు తీసినప్పుడు మన్ను వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా, చేతికి అంటుకోనంత గట్టిగా ఉంది. అంతకన్నా ముందుచూపు చూపించిన ఏర్పాటు మరొకటి ఉంది. షెడ్డు కింద పెద్ద పెద్ద ప్లాస్టిక్ బకెట్లలో పదునుగా ఉన్న అదనపు మన్నును నిల్వ ఉంచారు. ప్రతి రౌండు ముగియగానే ఇద్దరు సభ్యులు వచ్చి, కడ్డీ చుట్టూ నిలిచిన నీటిని స్పాంజితో పీల్చి, జావ అయిన పైపొరను పారతో ఎత్తి పక్కన పోసి, బకెట్లలోని మన్నును వేసి, కాలితో తొక్కి చదును చేసి వెళ్లారు. ఇద్దరిలో ఒకరు డెబ్భై దాటిన పెద్దమనిషి. చినుకుల్లో పార పట్టుకుని ఒక గుంట నుంచి మరొక గుంటకు వెళ్తూ, ఆయన ఒక్కసారి కూడా ఆటగాళ్లను తొందరపెట్టలేదు.

ఇక్కడ మా మామగారి మాట ఒకటి చెప్పాలి. వేసవికి మా ఇంటికి వచ్చిన ఆయన గుంటూరు జిల్లాలో జీవితమంతా పత్తి, మిరప పండించిన రైతు. ఆట ఆయనకు మొదట అంతగా పట్టలేదు గానీ మన్ను పట్టింది. పక్కన పోసిన జావను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నలిపి చూసి, "అల్లుడుగారూ, ఇది మన నల్లరేగడి లాంటిదే. ఒక వాన తక్కువైనా పగులుతుంది, ఒక వాన ఎక్కువైనా కాలు దిగబడుతుంది. దీన్ని ఇంత పదునులో నిలబెట్టారంటే వీళ్లలో సేద్యం తెలిసినవాళ్లు ఉండి ఉండాలి" అన్నారు. మధ్యాహ్నం విరామంలో విచారిస్తే, పార పట్టిన ఆ పెద్దమనిషి నిజంగానే మొక్కజొన్న, సోయా పండించే రైతు అని తెలిసింది. ఆ తరువాత ఇద్దరి మధ్య నేను దుభాషిగా మిగిలిపోయి, నా నాలుగవ ఆటకు పిలుపు వచ్చిందన్న సంగతి కూడా ఆలస్యంగా విన్నాను.

ఆటగాళ్లు నిలబడే చోట్లు కూడా మెచ్చుకోదగినవే. గుంటకు ఇరువైపులా ఉండే కాంక్రీటు అరుగులను నున్నగా వదలకుండా చీపురు గీతలు దింపి గరుకుగా ఉంచారు కనుక తడిలోనూ కాలు జారలేదు. మరొక క్లబ్బులో ఇలాంటి వాతావరణంలోనే అరుగు మీద రబ్బరు పట్టాలు పరిచి ఇద్దరు జారిపడేలా చేసిన ఉదంతం నాకు తెలుసు. ప్రతి కోర్టు చివర ఒక నీళ్ల బకెట్టు, గట్టి బ్రష్షు, రెండేసి పాత తువ్వాళ్లు పెట్టారు. ఇది మర్యాద కోసం చేసిన ఏర్పాటు మాత్రమే కాదు. నాడాకు ఒకవైపు బురద అంటుకుని ఉంటే గాలిలో అది తిరిగే తీరు మారిపోతుంది. చాలామంది ఆటగాళ్లు నాడా ఒకటింబావు చుట్టు తిరిగి, తెరిచిన వైపు కడ్డీకి ఎదురుగా వచ్చేలా విసురుతారు. ఆ పావు చుట్టు తేడా వస్తే ఖాళీ ఉన్న వైపుకు బదులు మూసిన వైపు కడ్డీకి తగిలి నాడా వెనక్కి ఎగురుతుంది. వేలు పట్టే చోట తడి ఉన్నా అంతే. అందువల్ల వానరోజున విసిరే సమయం కన్నా తుడిచే సమయమే ఎక్కువ అవుతుంది. అయితే తువ్వాళ్లు మూడవ రౌండుకే పూర్తిగా తడిసిపోయాయి, మార్చినవారు లేరు. సొంత తువ్వాళ్లు తెచ్చుకున్నవారు గట్టెక్కారు.

ఇక అభ్యంతరం సంగతి. ఈ క్లబ్బుకు 12 కోర్టులు ఉన్నాయి. వాటిలో మూడింటి మీద మాత్రమే రేకుల కప్పు ఉంది. పోటీకి వచ్చిన 24 మందిని రింగర్ శాతాన్ని బట్టి ఆరుగురు చొప్పున నాలుగు తరగతులుగా విభజించారు. తరగతిలోని ప్రతి ఒక్కరూ మిగతా ఐదుగురితోనూ ఆడాలి కనుక ఒక్కొక్కరికి ఐదు ఆటలు, ఆటకు 50 విసుర్లు. రింగర్లు ఒకదానినొకటి రద్దు చేసుకునే పద్ధతి కాకుండా, ఎవరు వేసిన పాయింట్లు వారికే లెక్కించే పద్ధతిని అనుసరించారు. ఏర్పాటు సబబుగానే ఉంది. కానీ వాన పెరగగానే నిర్వాహకులు పై తరగతిని కప్పు కిందికి మార్చి, అయిదు రౌండ్లూ అక్కడే ఆడించారు. మిగిలిన మూడు తరగతులు రోజంతా ఆరుబయట తడిశాయి.

కారణం అడిగితే, ఎక్కువ రింగర్లు పడే ఆటను వాన పాడుచేయకూడదని, చూడటానికి వచ్చినవారు కూడా ఆ ఆటనే చూడాలనుకుంటారని సమాధానం వచ్చింది. ఈ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. డెబ్భై శాతం పైన రింగర్లు వేసే ఇద్దరు తలపడితే కడ్డీ మీద నాడాలు ఒకదానిపై ఒకటి పేరుకుంటుంటే చూడటం నిజంగా కనులపండువ. ఒక తరగతిలో ఆడే ఆరుగురూ ఒకే రకమైన తడిలో ఆడారు కనుక తరగతి లోపలి గెలుపోటములకు అన్యాయం జరగలేదన్నది కూడా నేను ఒప్పుకుంటాను. అన్యాయం జరిగింది శాతాల విషయంలో. కప్పు కింద పొడి మన్నులో ఆడినవారి శాతమూ, బయట చిత్తడిలో ఆడినవారి శాతమూ ఒకే పోటీ ఫలితాలుగా ఒకే పట్టికలో నమోదవుతాయి. ఆ రోజు వాన పడిందన్న సంగతి ఆ అంకె పక్కన ఎవరూ రాయరు. పై తరగతికి ఎదగాలని ఏడాదంతా సాధన చేసిన రెండవ తరగతి ఆటగాడి సగటు ఒక్క రోజులో కిందికి దిగింది. అప్పటికే పైన ఉన్నవాడి సగటు చెక్కుచెదరలేదు.

మందు కూడా కష్టమైనది కాదు. నాలుగు తరగతులు, ఐదు రౌండ్లు, ఒకేసారి ఒక తరగతికి సరిపోయే మూడు కప్పు కోర్టులు. మొదటి నాలుగు రౌండ్లలో ఒక్కొక్క తరగతిని ఒక్కొక్కసారి కప్పు కిందికి పంపి, ఐదవ రౌండుకు చీటీలు వేసి ఉంటే ఎవరికీ నోరెత్తే అవకాశం ఉండేది కాదు. ప్రతి కోర్టులోనూ 37 అడుగుల గీతా, 27 అడుగుల గీతా రెండూ ఉన్నాయి కనుక తరగతులు మారడానికి సాంకేతికమైన అడ్డంకి లేదు. వయసు మీరినవారు ఎక్కువగా ఉన్న తరగతిని కప్పు కింద ఉంచి ఉన్నా నేను నోరు మూసుకునేవాడిని. మా పక్క కోర్టులో ఎనభైకి దగ్గరపడిన ఒక పెద్దాయన వానకోటు టోపీ కళ్లమీదికి జారుతుంటే సర్దుకుంటూ ఐదు ఆటలూ ఆడారు. ఐదు ఆటలంటే 250 విసుర్లు. ఒక్కొక్క నాడా రెండున్నర పౌండ్లు అనుకున్నా రోజు మొత్తానికి దాదాపు 280 కిలోల ఇనుము చేతితో ఎత్తి విసిరినట్లు లెక్క. ప్రతి రెండు విసుర్లకూ ఒక చివర నుంచి మరొక చివరకు నడిచే 40 అడుగులు కలిపితే, దాదాపు ఒక మైలు నడక. పొడి రోజున ఇది వ్యాయామం. తడి రోజున ఆ వయసు వారికి అది పరీక్ష.

భద్రత విషయంలో మాత్రం క్లబ్బు ఏ మినహాయింపూ ఇవ్వలేదు. మధ్యాహ్నం దూరంగా ఒక ఉరుము వినిపించగానే ఆట మధ్యలో ఆపి, అందరినీ పార్కు భవనంలోకి పంపారు. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచే వరకు బయటికి రానివ్వలేదు. మధ్యలో మరొకసారి ఉరిమితే గడియారాన్ని మళ్లీ మొదటి నుంచి లెక్కించారు. చేతిలో ఇనుము, ఎదురుగా ఇనుము, చుట్టూ మైదానం ఉన్న ఆటలో ఈ పట్టుదల తప్పనిసరి. కొందరు ఆటగాళ్లు విసుక్కున్నారు. నిర్వాహకురాలు చిరునవ్వుతోనే బదులిచ్చారు గాని, ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. ఆగిన ఆటలను ఎక్కడ ఆగాయో అక్కడి నుంచే కొనసాగించడానికి ప్రతి కోర్టు స్కోరును అప్పటికప్పుడు ఆమె సంతకంతో నిలిపి ఉంచారు.

స్కోరు రాయడంలో చిన్న తడబాట్లు జరిగాయి. స్కోరు పత్రాలను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టినా, రాసేటప్పుడు బయటికి తీయక తప్పదు. సిరా పాకి రెండు పత్రాల్లో అంకెలు చెరిగిపోయాయి. సిరా కలాలకు బదులు పెన్సిళ్లు ఇచ్చి ఉంటే సరిపోయేది. తీర్పుల్లో మాత్రం పక్షపాతం కనిపించలేదు. నాడా కొనలకు సూటి బద్దను ఆనించి, అది కడ్డీకి తగలకుండా ఉంటేనే రింగర్ అని ప్రకటించారు. బురదలో కూరుకుపోయిన నాడాను కదిలించకుండా ఈ పరీక్ష చేయడం కష్టమైనప్పటికీ, తీర్పరి మోకాళ్ల మీద కూర్చుని ఓపికగా చేశారు. నా ఆటలో రింగర్ అని నేను సంబరపడిన ఒకదానిని బద్ద తోసిపుచ్చింది, తీర్పు సరైనదే.

మిగతా సౌకర్యాలు సాధారణం. ప్రవేశ రుసుము 20 డాలర్లు, వచ్చినదానిలో ఎక్కువ భాగం బహుమతులకే పోయింది. భోజనంగా హాట్‌డాగ్‌లు, బంగాళాదుంప చిప్స్, వేడి కాఫీ ఇచ్చారు. శాకాహారులకు చిప్స్, కాఫీ తప్ప మరేమీ లేదు కనుక మాంసం తిననివారు డబ్బా కట్టుకుని వెళ్లాలి. మా ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తోటి ఆటగాళ్లు కూడా రుచి చూసి, పోపులోని ఎండుమిరపకాయ దగ్గర మాత్రం వెనుకంజ వేశారు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. వాహనాలు నిలిపే స్థలం గడ్డినేల కావడంతో సాయంత్రానికి చక్రాలు దిగబడ్డాయి. రోడ్డు పక్కనే నిలపడం మేలు. ప్రేక్షకులకు కప్పు కింద ఉన్న బెంచీలు పదిహేను మందికి కూడా చాలవు. మా మామగారికి ఒక సభ్యుడు తన మడత కుర్చీ ఇచ్చాడు కాబట్టి సరిపోయింది కానీ, పెద్దలను వెంట తీసుకువెళ్లేవారు సొంత కుర్చీ, గొడుగు తప్పక తీసుకువెళ్లాలి.

కొలంబస్, క్లీవ్‌లాండ్, సిన్సినాటి చుట్టుపక్కల ఉన్న తెలుగువారిలో ఈ ఆట ప్రయత్నించాలనుకునేవారికి ఈ క్లబ్బు పోటీని నేను సూచిస్తాను. కొత్తవారిని అవహేళన చేయరు, సొంత నాడాలు లేనివారికి అరువిస్తారు, విసిరే తీరు అడిగితే పక్కన నిలబడి చూపిస్తారు. మణికట్టు బలంతో కాకుండా భుజం నుంచి చేతిని ఊయలలా ఊపి విసరాలన్న కిటుకును నాకు నేర్పింది కూడా పై తరగతికి చెందిన ఒక ఆటగాడే. ఎండరోజు అయితే ఐదు నక్షత్రాలకు నాలుగున్నర ఇచ్చేవాడిని. ఈ వానరోజుకు మన్ను పదునుకు, ఉరుము వినగానే ఆట ఆపినందుకు ఆ మార్కులు తగ్గకుండా ఉంచి, కప్పు పంపకానికి ఒక నక్షత్రం కోసి మూడున్నర ఇస్తున్నాను. వచ్చే ఏడాది పేరు నమోదు చేసేవారు వాతావరణ సూచనలో వాన కనిపిస్తే, రుసుము కట్టే ముందే కప్పు ఉన్న కోర్టులను ఏ తరగతికి ఎన్ని రౌండ్లు ఇస్తారో నిర్వాహకులను అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి; నేను ఈ సూచనను క్లబ్బు సలహాల పెట్టెలో కూడా వేసి వచ్చాను.